తెరమీద క్రొత్తకాపురము

కంప్యూటరు మీట నొక్కిన తోడనే తెరపై గానవచ్చు పట్టీలు, బొమ్మలు, కిటికీలు అన్నియు గలసి కంప్యూటరే యని సామాన్యముగ భావింతుము. అట్లు కాదు. యంత్ర మొకటి, యంత్రమును నడపు వ్యవస్థ యొకటి, ఆ వ్యవస్థ మనకు జూపు ముఖ మొకటి. లినక్సు వాడువారికి ఈ మూటికి గల భేదము చక్కగ దెలియును. వారు యంత్రమును మార్పక, వ్యవస్థను మార్పక, ముఖమును మాత్రమే మార్చుకొనవచ్చును. ఈ ముఖమునకు ఆంగ్లమున డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంటని పేరు. తెలుగున పరిసరమందము. ఎఱుగని పరిసరము నొకదానిని తెచ్చిపెట్టుకొని, నిత్యకృత్యము లన్నియు నందే నడపి చూచినచో దాని మంచిచెడ్డ లెట్లుండునో, నెలదినముల యనుభవమును బట్టి శ్రోతలకు విన్నవించెదను.

వంటింటిని తలచికొనుడు. పొయ్యి, నీళ్లు, బియ్యము ఎవరి యింటనైనను నవియే. కాని ఉప్పుడబ్బా యే గూటిలో నుండును, గరిటె యే కొక్కెమునకు వ్రేలాడును అనునది యింటింటికి మాఱును. క్రొత్తగ కాపురమునకు వచ్చిన కోడలికి వంట రాకపోదు. నూనె కాగుచుండగ ఆవాలడబ్బా యెక్కడనో తెలియకపోవుటయే చిక్కు. క్రొత్త పరిసరమును పరీక్షించుట యనగా నింతే. వారముదినములు ఆవాలకై వెదకుకొనక తప్పదు. ఆ వారమును లెక్క నుండి తీసివేయక తీర్పు చెప్పువారు పరిసరమునకు అన్యాయము చేయుదురు.

ఈ ముఖములు పెక్కగుటకు కారణ మున్నది. లినక్సనగా నిజమునకు వ్యవస్థయొక్క గర్భభాగము మాత్రమే. ఫిన్లాండు దేశీయుడైన లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకిలో విద్యార్థిగ నుండి 1991లో దానిని లోకమున కిచ్చెను. చుట్టు నుండు ఉపకరణములలో పెక్కు, 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రయత్నమునకు జెందినవి. తెరపై గీతలు గీయుటకు వలయు ఎక్స్ అను వ్యవస్థ 1984లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో బుట్టినది. ఈ ఎక్స్ కిటికీకి చోటు చూపును గాని, కిటికీ అంచు లెట్లుండవలెను, మూసివేయు గుఱుతు ఎడమనో కుడినో యను విషయమున నోరు మెదపదు. ఆ నిర్ణయమును పైవారికి విడిచిపెట్టినది. విడిచిపెట్టిన చోట మతభేదము పుట్టుట సహజమే గదా! మూల మొకటి, వ్యాఖ్యానములు పెక్కు.

జర్మనీలో మతియాస్ ఎట్రిచ్ అను విద్యార్థి 1996 అక్టోబరు 14వ తేదీని కేడీఈ యను పరిసరమును ప్రతిపాదించెను. దాని కాధారమైన క్యూటీ యను సామగ్రియొక్క నాటి నియమములు పూర్తి స్వేచ్ఛ నీయవని తలచి, మెక్సికో దేశీయులైన మిగెల్ ద ఇకాజా, ఫెడెరికో మేనా యనువారు 1997లో గ్నోమ్ అను వేఱొక పరిసరమును ఆరంభించిరి. ఒలివియే ఫుర్దాన్ అను నాతడు, యూనిక్సు యంత్రములపై నుండు సీడీఈ యను ముఖము ననుకరించుచు, 1996లోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ కి శ్రీకారము చుట్టెను. 2011లో గ్నోమ్ మూడవకూర్పు వచ్చి పాతరూపము నంతయు మార్చగా, పాతదియే కావలెనని పట్టుపట్టిన అర్జెంటీనా వాసి యొకడు మాటే యను శాఖను చీల్చెను. మాటే యనునది ఆ దేశస్థులు కాచి త్రాగు ఒక ఆకు పేరట. వైయాకరణుల కలహము లెఱిగినవానికి ఇవి వింతగ దోపవు.

నా కీ పని యేల పడినదో యిక చెప్పవలెను. నా ల్యాప్‌టాప్ పదేండ్లు దాటినది. స్మృతి నాలుగు జీబీలు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సామాన్యపోషణము ముగిసినది. (కేడీఈ జన్మదినమును ఆ తేదీయే, కాకతాళీయము.) పదునొకండవ కూర్పునకు వలయు భద్రతాచిప్పు మా యంత్రమున లేదు. పాతసామానులవానికి తూచి యిచ్చివేయుడని సలహా యిచ్చినవారును గలరు. కాని యందు నా సేకరణ మున్నది. మా న్యాల్‌కల్ సరిహద్దుసీమ, పొరుగున బీదరు, ఆవల కన్నడము, సంతలో ఉర్దూ. గోంగూర మాకు పుండికూర, ఉత్తరకన్నడసీమవారికి పుండిపల్య. రాగులు మాకు తైదలు. ఆసుపత్రి దవాఖాన. రైతుల నోటను, బండివాండ్ర నోటను, నా విద్యార్థుల తల్లుల నోటను విని వ్రాసికొన్న మాటలు మూడువేలకు మించినవి. ఉద్యోగకాలమున నోటుపుస్తకములలో నెక్కించి, తరువాత కంప్యూటరున కూర్చితిని. క్రొత్తకాపురము నకు బోవుచు నా పెట్టెను ఎట్లు విడిచిపోదును?

పరిసరములలో ఎక్స్‌ఎఫ్‌సీఈ నే యెన్నుకొనుటకు కారణము పేదఱికము—నాది గాదు, యంత్రముది. డెబియను అను కూర్పుయొక్క 13వ సంచిక 2025 ఆగస్టులో వెలువడినది. అందు ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.20 కలదు. దానిని పెన్‌డ్రైవుపై నెక్కించి, యంత్రములోని డిస్కును ముట్టకయే నడపి చూడవచ్చును. ఇల్లు కొనకమున్నే నాలుగుదినములు అందు నిదురించి చూచుట వంటిది. తరువాత డిస్కున స్థాపించినపుడు సైతము రెండు మూడు పరిసరములను ప్రక్కప్రక్కన నుంచుకొని, ప్రవేశద్వారమున పేరును సంకేతపదమును ఇచ్చుచోట ఈ దినమున కేది కావలెనో కోరుకొనవచ్చును. ఫైళ్లు ఉన్నచోటనే యుండును. ముఖము మాత్రమే మాఱును. నేను గ్నోమ్ను ముందుగ ఒక వారము చూచితిని. అది యందమైనది, తెర నిండ ఒకే పనిని జూపి మనస్సును చెదరనీయదు. కాని యేమియు చేయక కూర్చున్నపుడే మా యంత్రపు స్మృతిలో మూడవవంతు మ్రింగుచుండెను. ఎక్స్‌ఎఫ్‌సీఈ ఐదవవంతుతో సరిపుచ్చుకొనెను. మిగిలిన స్మృతి నా పనికి.

దీనిని స్థాపించి యిచ్చినవాడు నా పూర్వవిద్యార్థి. పోవుచు ఒక నియమము విధించెను. "సార్, వారం దినాలు ఏం మార్చకుండ్రి. ఎట్లున్నదో అట్లనే వాడుండ్రి. యాష్టకొస్తే కాయితం మీద రాస్కోండ్రి." ఈ నియమము బంగారము వంటిది. మొదటిదినమున నేను వ్రాసికొన్న ఫిర్యాదులు పదునాలుగు. వారము తుదిని మిగిలినవి నాలుగు. తక్కిన పదియు కేవలము అలవాటు వలన గలిగినవి. ఆ నాలుగింటిని మాత్రమే మార్పించుకొంటిని.

పై యంచున నొక పట్టీ. అందెడమవైపున మెను, కుడివైపున గడియారము. క్రింది యంచు నడుమ చిన్నపట్టీ యొకటి. ఇది తెలియుటకు ఒక నిముసము చాలును. వింత యంతయు కిటికీల నడవడియందున్నది. కిటికీ శిరోభాగమున మూయుటకు, పెంచుటకు, దాచుటకు గుఱుతులుండుట యెల్లవారెఱిగినదే. ఇందు నాలవ గుఱు తొకటి కలదు. దానిని నొక్కినచో కిటికీ చాప చుట్టినట్లు పైకి చుట్టుకొని శిరోభాగము మాత్రము మిగులును. మరల నొక్కిన విప్పుకొనును. క్రిందనున్న కాగితమును ఒకసారి తొంగి చూచి మరల పనిలో బడుటకు ఇంతకంటె సులభమార్గము నే నెఱుగను. తాళపత్రముల కట్టను విప్పి కట్టినవానికి ఇది వెంటనే రుచించును.

రెండవ వింత. కిటికీ లేని వట్టిచోట మౌసుచక్రమును ద్రిప్పినచో తెరపై నున్న వన్నియు మాయమగును. మా మనుమరాలు ప్రక్కన కూర్చుండి యిది చూచి కేక వేసినది: "తాతా! నీ కాయితాలన్నీ ఏడికి వోయినయి?" ఎక్కడికిని బోలేదు, ప్రక్కగదిలో నున్నవి. ఎక్స్‌ఎఫ్‌సీఈ ఒకే తెరను నాలుగు గదులుగ నేర్పరచి, చక్రము త్రిప్పుటయే గడప దాటుటగ నియమించినది. నే నిపుడు మొదటిగదిలో నా మాటల సేకరణమును, రెండవదానిలో నిఘంటువుల ప్రతులను, మూడవదానిలో ఉత్తరములను ఉంచుదును. నాలవగది ఆ పిల్లది. ఆమె చిత్రించు నెమళ్లు నా నిఘంటువుపై బడవు.

ఫైళ్లను జూపు భాగమునకు థునార్ అని పేరు. ప్రాచీన సాక్సనులు ఉఱుముల దేవతను ఆ పేరున బిలిచిరి. పేరు గంభీరమేగాని పనివాడు సాధువు. నోటుపుస్తకముల పుటలకు ఫోటోలు తీయగా వచ్చిన వందలకొలది చిత్రములకు ఒక్కమాఱుగ వరుసపేర్లు పెట్టు సాధన మిందు కలదు. అర్ధదినపు పని అర్ధనిముసమున ముగిసినది.

ఇంతవఱకు చెప్పినది యే భాషవాడైనను చెప్పగలడు. తెలుగువానికి అసలు పరీక్ష అక్షరములతో మొదలగును. శ్రోతలు కాగితము చేత బట్టి మా యూరిపేరు వ్రాసి చూడుడు: న్యాల్‌కల్. కంటికి నాలుగక్షరములు—న్యా, ల్, క, ల్. కంప్యూటరు కడుపులో నివి పది. నకారము, దానికి పొల్లు, యకారము, దీర్ఘము, లకారము, పొల్లు, అటుపిమ్మట కంటికి గానరాని యడ్డుగోడ యొకటి, కకారము, మరల లకారము, పొల్లు. ఆ యడ్డుగోడ లేనిచో లకారము క్రిందికి కకారము వత్తుగ దిగి పేరు ముడివడును. యూనికోడు అను సంకేతపట్టిక 1991 నాటి తొలికూర్పునుండియు తెలుగునకు చోటిచ్చినది. అరసున్నయు బండిఱయు నందు మొదటినుండి కలవు. దంత్యములైన చకార జకారములు 2008లో చేరినవి. నకారపొల్లు 2021లో గాని చేరలేదు. ఏ భాషలోనైనను పొల్లు చివర నుండవలసినదే గదా!

ఈ పదింటిని నాలుగుగ మలచి చూపువాడు వేఱొకడు. వాని పేరు హర్ఫ్‌బజ్. మా సంతలో ఉర్దూ విన్న వారందఱికి హర్ఫనగా అక్షరమని తెలియును. పారసీకమున హర్ఫ్ బాజ్ అనగా తెఱచిన యక్షరమని యర్థము. గ్నోమున, ఎక్స్‌ఎఫ్‌సీఈ న, ఆండ్రాయిడు ఫోనులలో గూడ వత్తులను గుణింతములను కూర్చువాడు వీడే. కావున పరిసరము మాఱినను తెలుగు చెడదు. ఊరిపేరును ఫైలుపేరుగ బెట్టి చూచితిని. థునార్ చక్కగ జూపెను. పట్టీపై కిటికీ పేరుగ చూచితిని, చక్కగ నున్నది. లిబ్రాఫీసున పోతన, వేమన లిపులలో కూర్చితిని, ముద్దుగ నున్నది. ఈ రెండు లిపులు తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసి స్వేచ్ఛగ లోకమున కిచ్చినవి. డెబియను భాండారమున దొరకును. ఆజ్ఞలు వ్రాయు నల్లకిటికీ—టెర్మినలు—యందు మాత్రము ఊరిపేరు విఱిగినది. అందు ప్రతి యక్షరమునకు సమానమైన గడి యుండవలెను. మన గుణింతములు గడులలో నొదుగవు. తెలుగు చదువుటకు టెర్మినలు పనికిరాదు. ఇది ఎక్స్‌ఎఫ్‌సీఈ దోషము మాత్రమే కాదు, గ్నోమునను నంతే.

మఱియొక సూక్ష్మము. లినక్సున సామాన్యముగ ఫైలుపేరు 255 బైట్లకు మించరాదు. ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలగా, తెలుగున నొక్కొక్క సంకేతమునకు మూడు కావలెను. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు 1992లో ఒక భోజనశాలలో కాగితపుముక్కపై రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతి యిది. మా యూరిపేరునకే ముప్పది బైట్లు. తెలుగుపేరు 85 సంకేతములతో ముగియవలెను. దీర్ఘసమాసములపై మక్కువ గలవారు పేర్లు పెట్టునపుడు జాగ్రత్త వహింపవలెను.

అక్షరములు కొట్టుట కేర్పా టేమి? అమరికలలో కీబోర్డు భాగమున తెలుగును చేర్చి, పట్టీపై చిన్నగుఱుతు నుంచుకొన్నచో ఒక్క నొక్కుతో ఆంగ్లమునుండి తెలుగునకు మాఱవచ్చును. ఇచ్చట లభించునది ప్రభుత్వప్రమాణమైన ఇన్‌స్క్రిప్టు. ఆంగ్లాక్షరములతో తెలుగు కొట్టువారు దీనిని చూచి జంకుదురు. నాకు మాత్రము ముచ్చట గలిగినది. స్వరములు ఎడమచేతికి, హల్లులు ప్రాయికముగ కుడిచేతికి. అల్పప్రాణమునకు వట్టిమీట, దానినే షిఫ్టుతో నొక్కిన మహాప్రాణము. కుడి నడిమివ్రేలి క్రింద కకారము. ఎడమ నడిమివ్రేలి క్రింద పొల్లు. వర్ణసమామ్నాయము నెఱిగి చేసినవారే దీనిని చేసిరి. పదిదినములలో వ్రేళ్లకు వచ్చినది. కానరాని యడ్డుగోడను మాత్రము అక్షరపటమునుండి తెచ్చుకొని, లిబ్రాఫీసున రెండక్షరములు కొట్టిన ఊరిపేరు తానే వచ్చునట్లు నిలిపికొంటిని.

ఇక నా పెట్టెలోని సేకరణము. దానిని కూర్చిన నాటి లిపి యూనికోడు కాదు. ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు రూపఖండములను దాచిన లిపి యది: తలకట్టొకచోట, గుడి యొకచోట, వత్తొకచోట. ఆ లిపి యున్న యంత్రమున చక్కని తెలుగు. లేనిచోట ఆంగ్లాక్షరములు, చుక్కలు, గీతలు. క్రొత్తపరిసరమున మొదటిమాఱు ఫైలు తెఱవగా పుండికూర యుండవలసినచోట ఏ భాషకు జెందని యక్షరముల గుంపు గానవచ్చినది. నా ముప్పదియేండ్ల పని ఒక్క లిపిఫైలు దయాదాక్షిణ్యముపై నిలిచియుండుట నాడు కన్నులార జూచితిని. పరిసరము దీనికి కారణము కాదు. పాతయంత్రము చెడినను, ఆ లిపి దొరకకుండినను ఎన్నడో ఒకనాడు జరుగవలసినదే. క్రొత్తయింటికి మాఱుటచేత పెట్టె యడుగున చెదలు కనబడినవి.

ఇట్టి ఫైళ్లను యూనికోడునకు మార్చు పరివర్తకములు కలవు. నా పూర్వవిద్యార్థి యొకదానిని నడపి యిచ్చెను. నూటికి తొంబదిపాళ్లు సరిగ వచ్చినది. మిగిలిన పదిపాళ్లలో వత్తులు తారుమాఱైనవి, కొన్నిచోట్ల బండిఱ సాధురేఫమైనది. యంత్రమున కా భేదము తెలియదు, నేను చూడవలసినదే. శ్రోతలలో ఎవరియొద్ద నైనను పాతలిపులలో పద్యములో, గ్రామచరిత్రలో, వంశవృక్షములో ఉన్నచో, పరిసరము మార్చినను మార్పకున్నను, ఆ పాతయంత్రము నడచుచుండగనే యూనికోడు ప్రతిని చేయించుకొనుడు. ఒక ప్రతిని కాగితముపైనను అచ్చువేసి యుంచుడు.

ఎక్స్‌ఎఫ్‌సీఈ యందు కొఱతలు లేవని కాదు. అమరికలు చిన్న చిన్న కిటికీలలో చెల్లాచెదరుగ నున్నవి. ల్యాప్‌టాపున వ్రేలితో మీటినంత మాత్రమున నొక్కినట్లగుట మొదట నుండదు. మౌసు అమరికలలోనికి బోయి అనుమతింపవలెను. వేల్యాండు అను క్రొత్త తెరపద్ధతి 4.20లో ఇంకను ప్రయోగదశయందే యున్నది. మార్పులు చేసి చేసి పట్టీలు చిక్కుపడినచో, ఇంటి ఫోల్డరులో చుక్కతో మొదలగు కాన్ఫిగ్ అను మఱుగు ఫోల్డరు కలదు. అందలి ఎక్స్‌ఎఫ్‌సీఈ4 అను దానికి వేఱుపేరు పెట్టి, బయటికి బోయి మరల ప్రవేశించిన చాలు, అన్నియు మొదటిదినమున నున్నట్లగును. ఈ మర్మము తెలిసినపిదప భయము పోవును.

తెలుగు మెను సగము తెలుగు, సగము ఆంగ్లము. అమరికలు, చెత్తబుట్ట, రద్దుచేయి—ఇవి చక్కని మాటలు. ఇట్టి మాటలు కూర్చినవారు జీతము లేని స్వచ్ఛందసేవకులు. హైదరాబాదున స్వేచ్ఛ యను సంస్థవారు డెబియను మూలముగ తెలుగు వ్యవస్థనే కూర్చిరి. కాని క్రొత్తకూర్పు వచ్చినప్పుడెల్ల క్రొత్తమాటలు వచ్చును, అనువదించువారు తక్కువ. విశ్రాంతి తీసికొన్న తెలుగుపండితులకు ఇంతకంటె తగిన పని యేమి కలదు? రెండుపూటల వాకిట కూర్చుండి పత్రిక చదువుటకంటె దినమునకు పది వాక్యములు మార్చుట ఆరోగ్యకరము. నేను పేరు నమోదు చేసికొంటిని.

నెల ముగిసినది. విండోసు నుండిన భాగమును డిస్కునుండి తీసివేయించితిని. ప్రాతఃకాలమున రెండుగంటలు సేకరణమును సరిచూచుచున్నాను. అకారమునుండి మొదలిడి తకారమునకు వచ్చితిని. నిన్న తైదలు అను మాటకు వత్తులు సరిచేయునక్కఱ కలుగలేదు. ఐత్వము మాత్రము సవరించితిని. పుండికూరకు ఇంకను నాలుగువందల మాటల దూరము కలదు.